దూలాలు చూస్తూ కోనసీమ ప్రయాణం

పిల్లలూ! కోనసీమ చూసి వచ్చినవాళ్ళను ఎవరినైనా అడిగి చూడండి. కొబ్బరితోటలు చూశామంటారు, కాలవల్లో పడవలు చూశామంటారు, ఆత్రేయపురం పూతరేకులు తిన్నామంటారు. తలెత్తి ఇంటి దూలాలు చూశామన్నవాడు నాకు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు. అందుచేత ఈ నెల మనం దూలాలు చూడటానికే బయలుదేరుతున్నాం. కాకినాడలో బస్సెక్కి ద్రాక్షారామం, అక్కడినుంచి యానాం, యానాం దగ్గర గౌతమి దాటి కోనసీమ, ఆపైన అమలాపురం, రావులపాలెం మీదుగా రాజమండ్రి. తెల్లవారేసరికి బస్సులో ఉంటే, చీకటి పడేలోగా రాజమండ్రి రేవులో ఉండవచ్చు.

సామాను ఎక్కువ అక్కర్లేదు. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు, కొంచెం పొడుగుపాటిది, ఒకటి, ఒక పెన్సిలు, ఒక ప్లాస్టిక్ స్కేలు, పాత నోటుబుక్కు ఒకటి. బస్సు కదిలేలోగా రబ్బరు పక్కభాగం మీద నిలువుగా, సమానమైన ఎడంతో ఏడెనిమిది గీతలు గీయండి. రబ్బరు కొసలను రెండు చూపుడువేళ్ళమీద ఆనించి, బొటనవేళ్ళతో నడుమ కిందికి నొక్కండి.

రబ్బరు వంగింది గదా! ఇప్పుడు గీతలు చూడండి. పై అంచున గీతలు ఒకదానికొకటి దగ్గరపడ్డాయి. కింది అంచున ఎడమైనాయి. సరిగా నడుమ మాత్రం మొదట ఎంత ఎడం ఉండేదో అంతే ఉన్నది. అంటే ఒకే ముక్కలో, ఒకే క్షణంలో, పై పొరలు నలిగి పొట్టివవుతున్నాయి, కింది పొరలు సాగి పొడుగవుతున్నాయి, నడిమి పొర ఏమీ ఎరగనట్టు కూచున్నది. మీ ఇంట్లో అటకను మోసే పట్టె మొదలుకొని గోదావరి వంతెన వరకు, ఏ దూలమైనా బరువు పెట్టగానే చేసే పని ఇదే. కంటికి కనపడదు, అంతే.

ఇటలీ దేశపు గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో, గోడలో గుచ్చిన దూలం ఎలా విరుగుతుందా అని లెక్కలు కట్టాడు. అంతటివాడికి కూడా దూలంలో ఒక పక్క నలుగుతుందన్న సంగతి తట్టలేదు. అన్ని పొరలూ సాగుతాయనే అనుకున్నాడు. పాపం, ఆయన కాలానికి ఈ రబ్బరు ముక్క ఇంకా రాలేదు!

నొక్కుడు, లాగుడు. ఈ రెండు మాటలూ జేబులో వేసుకుని ద్రాక్షారామంలో దిగుదాం.

భీమేశ్వరస్వామి ఆలయం తూర్పు చాళుక్యుల కాలం నాటిది. ఇక్కడి శాసనాలు చదవటానికి చరిత్రకారులు ఎక్కడెక్కడినుంచో వస్తారు. దర్శనం అయ్యాక మీరు మండపంలో కాసేపు నిలబడి, ఒక స్తంభం దగ్గరనుంచి మరో స్తంభం దగ్గరికి అంగలు వేసి చూడండి. నాలుగు అంగలు వేయకముందే స్తంభం ఎదురవుతుంది. ఇంత చిన్న జాగాకు ఇన్ని స్తంభాలు ఎందుకు? అందానికి అనుకుంటారు చాలామంది. అందం ఉన్నది, కాదనను. కాని అసలు కారణం పైన ఉన్న రాతి దూలం.

రాయిని నొక్కి విరగగొట్టటం మహా కష్టం. ఒకదానిమీద ఒకటిగా పేర్చుకుంటూ ఎంత గోపురమైనా కట్టవచ్చు. కాని అదే రాయిని లాగితే, నొక్కుడుకు తట్టుకునే బలంలో కొద్ది భాగం కూడా ఉండదు. ఎందుకంటే రాయి రవ్వల ముద్ద. రవ్వకూ రవ్వకూ మధ్య కంటికి కనపడని బీటలు ఎన్నో ఉంటాయి. నొక్కితే ఆ బీటలు మూసుకుంటాయి. లాగితే తెరుచుకుంటాయి. ఒక బీట తెరుచుకుంటే దాని పక్కది, దాని పక్కది, అలా ఒక్క క్షణంలో రాయి ఈ అంచునుంచి ఆ అంచుకు పగిలిపోతుంది. దూలానికి అడుగున ఉండేది లాగుడని ఇప్పుడే చూశాం గదా. రాతి దూలం పగిలితే అడుగునుంచే పగులుతుంది. పైగా స్తంభాల మధ్య దూరం రెట్టింపు చేస్తే, దూలం సొంత బరువువల్లనే అడుగున లాగుడు నాలుగు రెట్లవుతుంది. ఆనాటి శిల్పులు ఈ లెక్క కాగితంమీద కట్టి ఉండకపోవచ్చు, కాని రాయి గుణం వాళ్ళకు చేతులతో తెలుసు. అందుకే స్తంభాలు దగ్గర దగ్గరగా నిలిపారు. చాలా గుళ్ళలో స్తంభం తలమీద రెండు పక్కలకూ చేతులు చాచినట్టు రాతి పీటలు కూడా కనపడతాయి. దూలం గాలిలో ఉండే దూరం ఇంకో మూరెడు తగ్గించే ఉపాయం అది.

మళ్ళీ బస్సు. ఇప్పుడు స్కేలు తీయండి. వెడల్పు పక్క పైకి ఉండేటట్టు పట్టుకుని వంచితే సులువుగా వంగుతుంది. అదే స్కేలును సన్నని అంచు పైకి వచ్చేటట్టు నిలబెట్టి వంచటానికి చూడండి. చేతులు నొప్పిపుట్టినా వంగదు. ప్లాస్టిక్ మారలేదు, బరువు మారలేదు. మూడు సెంటీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న స్కేలుకు లెక్క కడితే, నిలబెట్టినప్పుడు దాని బిగువు నూరు రెట్లు!

ఈ మాయ ఎక్కడనుంచి వచ్చింది? నడిమి పొరకు ఒక అంగుళం దూరంలో ఉన్న నారను ఒకటి ఊహించుకోండి. రెండు అంగుళాల దూరంలో ఇంకొకటి. రెండోది మొదటిదానికి రెట్టింపు సాగుతుంది కాబట్టి రెట్టింపు బలంతో ఎదురు లాగుతుంది. అంతేకాక, గడ్డపార పొడుగైనకొద్దీ బండ తేలికగా లేస్తుందే, అలాగే దూరాన ఉన్న నార లాగుడుకు రెట్టింపు పట్టు కూడా ఉంటుంది. రెండు రెళ్ళు నాలుగు. అదే నార, చోటు మారేసరికి నాలుగింతల పని చేస్తున్నది. కాబట్టి దూలంలో గట్టి సరుకు ఎంత ఉన్నదని కాక, ఆ సరుకు ఎక్కడ ఉన్నదని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు కోనసీమలో ఒక చెట్టు చెబుతుంది.

యానాం వచ్చింది. ఈ ఊరు పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. గౌతమి గాలి చల్లగా తగులుతుంటే ఎదుర్లంక వంతెన దాటి అవతల ఒడ్డుకు వెళ్ళామంటే కోనసీమే.

అమలాపురానికి ఈవల ఒక ఊళ్ళో పాత మండువా లోగిలి ఒకటి ఉన్నది. నడుమ ఆకాశం కనపడే మండువా, నాలుగు వైపులా వసారాలు, పైన పెంకులు. నేను వెళ్ళినరోజు ఇంటివారు కప్పు విప్పించి వాసాలు సరిచేయిస్తున్నారు. కింద ముసలి వడ్రంగి ఒకాయన పాత తాటివాసాన్ని రంపంతో అడ్డంగా కోస్తున్నాడు. కోసిన ముఖం నాకు చూపించి, “మాస్టారూ, టేకుకీ మద్దికీ చేవ లోపలుంటాదండి. తాడికి చేవ పైనుంటాదండి. ఆయ్! లోపల్దంతా పిప్పే,” అన్నాడు.

నేను వంగి చూశాను. మీరూ ఎక్కడైనా తాటిమొద్దు గాని, కొబ్బరిమొద్దు గాని కనపడితే తప్పక చూడండి. టేకుమానును కోస్తే వలయాలు కనపడతాయి. ఏడాదికొకటి చొప్పున మాను లావెక్కిన గుర్తులు అవి. తాటిమానులో వలయాలు ఉండవు. చుక్కలు ఉంటాయి. నల్లని, ముదురు గోధుమరంగు చుక్కలు. ప్రతి చుక్కా నిజానికి మాను పొడుగునా సాగే నారల కట్ట. ఆ కట్టలోనుంచే చెట్టుకు నీరూ ఆహారమూ నడుస్తాయి. చుక్కల మధ్య ఉన్నది మెత్తని పదార్థం. విశేషం ఏమిటంటే, ఈ చుక్కలు అంతటా ఒకే తీరుగా లేవు. మాను అంచున ఆవాలు ఒలకబోసినట్టు చిక్కగా ఉన్నాయి. లోపలికి పోయినకొద్దీ పలచబడి, నడుమకు వచ్చేసరికి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కొబ్బరికలప వాడేవాళ్ళు దాన్ని తూచి తరగతులు చేస్తారు. అంచు చెక్క ఘనపు మీటరుకు 600 కిలోలకు పైన తూగుతుంది. నడిమి చెక్క 400 కిలోలు కూడా తూగదు. ఒకే మానులో ఇంత తేడా!

తాడి ఏటేటా లావెక్కే చెట్టు కాదు. లావెక్కలేనిది తన బలం ఎలా పెంచుకుంటుంది? అంచున ఉన్న నారల గోడలను ఏళ్ళ తరబడి లోపలినుంచి మందం చేసుకుంటూ పోతుంది. అందుకే లేతతాడి దూలానికి పనికిరాదు. నల్లగా ముదిరిన చెట్టే కావాలి. మన పక్కనున్న తమిళులు ఈ సంగతి ఏనాడో గమనించారు. వారి ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియం, చేవ లోపల ఉన్నదాన్ని చెట్టనీ, చేవ పైన ఉన్నదాన్ని గడ్డి అనీ విడదీసింది. చిత్రమేమంటే ఈనాటి వృక్షశాస్త్రం కూడా తాడినీ, కొబ్బరినీ, వెదురునూ, వరినీ, గడ్డినీ ఏకదళబీజాలనే ఒకే పెద్ద కుటుంబంలో వేస్తుంది.

అంచున చేవ ఎందుకు? తాడిచెట్టు నిలబెట్టిన దూలమే గదా! గాలి కొట్టినప్పుడల్లా అది వంగుతుంది. గాలి వచ్చే వైపు పొరలు సాగుతాయి, అవతలి వైపు పొరలు నలుగుతాయి, నడుమ ఉన్నదానికి పని తక్కువ. రేపు గాలి ఎటునుంచి వస్తుందో చెట్టుకు తెలియదు. అందుచేత చుట్టూరా వడ్డాణంలాగా చేవ పెట్టుకున్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫాను వెయ్యిమందికి పైగా పొట్టనబెట్టుకున్నది. తెల్లవారేసరికి తోటలకు తోటలు నేలమట్టం. కొన్ని కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, కొన్ని నడిమికి విరిగాయి. ఎంత బాగా అమర్చుకున్న బలానికైనా ఒక హద్దు ఉంటుంది మరి. అయినా ఆ చెట్లు ఏటా ఎన్ని గాలులకు వంగి మళ్ళీ లేస్తున్నాయో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

తాటిమాను గుణం ఎరిగిన మన పెద్దలు దాన్ని రెండు విధాల వాడుకున్నారు. మానును నిలువుగా చీల్చి, పిప్పి చెక్కేసి, మిగిలిన చేవను దూలాలుగా, వాసాలుగా ఇంటికెత్తారు. లంకల్లో ఉండేవారు పిప్పిని తోడేసి తాటిదోనెలు చేసుకుని కాలవలు దాటారు. పిప్పి పోయినా దోనె విరగదు, ఎందుకంటే బలమంతా ఒంటిమీద ఉన్నది.

అయితే పిప్పి పనికిమాలినదని మాత్రం అనుకోకండి. ఇప్పుడు నోటుబుక్కు తీయండి. రెండు చేతులా పట్టుకుని వంచితే వంగిపోతుంది. వంచినప్పుడు పుటల అంచులు చూడండి, ఒకదానిమీద ఒకటి జారి మెట్లలాగా అవుతాయి. వంద పుటలు ఉన్నా, ఏ పుటకాపుట విడిగా వంగుతున్నది. అదే పుటలన్నిటికీ జిగురు రాసి ఆరబెట్టి చూడండి, అట్టముక్కలాగా బిగుసుకుంటుంది. జిగురు ఒకదాన్ని ఇంకొకటి దాటి జారనివ్వదు. చెట్టులో నారలకట్టల మధ్య ఉన్న మెత్తని పదార్థం చేసే పని అదే. నారలు ఎంత గట్టివైనా, వాటిని పట్టి ఉంచేది లేకపోతే అవి తాళ్ళ మోపే గాని దూలం కావు. నార, నారను పట్టి ఉంచే ముద్ద, రెండింటికీ మధ్య పట్టు, నార ఉండవలసిన చోటు. ఈనాటి విమానాల రెక్కలు కర్బనపు నారలను జిగురులో పొదిగి చేస్తున్నారు గదా, అక్కడ ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకునేది కూడా ఈ నాలుగింటి దగ్గరే.

అమలాపురం చేరాం. ఇక్కడ తాటిదూలాల ఇళ్ళు తగ్గిపోయాయి. ఎటు చూసినా శ్లాబులు. ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు, అడిగితే తాపీమేస్త్రి చూడనిస్తాడు. సెంట్రింగ్ చెక్కలమీద ఇనపకడ్డీలు పరిచి, తీగతో కట్టి, కాంక్రీటు పోయటానికి సిద్ధంగా ఉంచుతారు.

కాంక్రీటు అంటే మనుషులు చేసుకున్న రాయి. రాయికి ఉన్న మంచీ చెడూ రెండూ దానికి ఉన్నాయి. నొక్కుడుకు ఎంత తట్టుకుంటుందో లాగుడుకు అందులో సుమారు పదోవంతు తట్టుకుంటుంది. కాబట్టి లాగుడు ఉన్నచోట ఇనుము పెట్టాలి. యానాంలో ఫ్రెంచివారి పేరు వచ్చింది గదా. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియె అనే తోటమాలి, సిమెంటు పూలతొట్లు ఊరికే పగిలిపోతుంటే, లోపల ఇనపవల పెట్టి చేశాడు. 1867లో దానిమీద హక్కుపత్రం కూడా తీసుకున్నాడు. ఆ పూలతొట్టి సంతతే ఈ శ్లాబులన్నీ! ఇందులో మన అదృష్టం ఒకటున్నది. ఎండకు ఇనుమూ కాంక్రీటూ ఇంచుమించు సమానంగా పెరుగుతాయి, చలికి సమానంగా తగ్గుతాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పెరిగేదైతే నాలుగు వేసవులకు రెండూ విడిపోయేవి. కడ్డీ మీద వేలు పెట్టి రాయండి, గరుకుగా గీరలు తగులుతాయి. కాంక్రీటులోనుంచి జారిపోకుండా ఆ ఏర్పాటు. దూలాల్లో అయితే కడ్డీల చుట్టూ మేస్త్రీలు రింగులనే చట్రాలు కూడా కడతారు.

చెట్టుకు గాలి ఎటునుంచి వస్తుందో తెలియదన్నాను. కాని మేస్త్రికి బరువు ఎటునుంచి వస్తుందో తెలుసు. రెండు గోడల మీద ఆనిన శ్లాబు నడుమ కిందికి వంగుతుంది కాబట్టి అక్కడ కడ్డీలు అడుగున ఉండాలి. చెక్కకు అంటుకోకుండా కింద చిన్న సిమెంటు దిమ్మెలు పెడతారు. ఇప్పుడొక ప్రశ్న. కిటికీ పైన ఉండే సన్‌షేడ్ సంగతేమిటి? దానికి ఒక పక్కే గోడ ఉన్నది, రెండో పక్క గాలిలో ఉన్నది. కడ్డీలు ఎక్కడ ఉండాలి? వెంటనే చెప్పకండి. రబ్బరును ఒక కొసన పట్టుకుని రెండో కొసను కిందికి నొక్కి గీతలు చూడండి.

చూశారా! ఈసారి పై అంచున గీతలు ఎడమైనాయి, కింది అంచున దగ్గరపడ్డాయి. అంతా తలకిందులైంది. సన్‌షేడుకూ బాల్కనీకీ కడ్డీలు పై అంచున ఉండాలి.

నేను పనిచేసిన బళ్ళలో ఒకదానిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తరగతి కిటికీ మీది సన్‌షేడ్ ఉన్నపళాన ఊడి పడింది. మిగతా రోజుల్లో ఆ వేళకు పిల్లలు దాని నీడనే వరసగా కూచుని అన్నాలు తింటారు. సోమవారం పొద్దున ముక్కలను తిరగేసి చూశాం. సిమెంటుకు లోపం లేదు. కడ్డీలకు తుప్పు లేదు. ఎన్ని కావాలో అన్నీ ఉన్నాయి. కాని అన్నీ కింది అంచున ఉన్నాయి. కాంక్రీటు పోసేవేళ పైన నడిచిన పనివాళ్ళ కాళ్ళకింద అవి దిగిపోయి ఉంటాయి, ఎవరూ ఎత్తి కట్టలేదు. కడ్డీల లెక్క కాగితంలో సరిపోయింది, చోటు సరిపోలేదు. అప్పటినుంచి ఎక్కడ సన్‌షేడ్ పోస్తున్నా నేను నిలబడి చూస్తాను, “కడ్డీలు పైనే ఉన్నాయా, మేస్త్రీ?” అని అడుగుతాను. అమలాపురంలో నేను అడిగిన మేస్త్రి కోప్పడలేదు. కడ్డీల కింద పెట్టిన ఇనప కుర్చీలను చూపించాడు. కడ్డీలు కిందికి దిగకుండా కాళ్ళలా వంచి పెట్టే చువ్వలను వాళ్ళు కుర్చీలనే అంటారు. ఇల్లు కట్టించుకుంటున్న పెద్దలు ఈ పుట చదువుతుంటే, కాంక్రీటు పోసే రోజున వంట పురమాయించటం ఇంకొకరికి అప్పజెప్పి, మేడమీద ఉండటం మంచిది.

సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళకు ఇంకొక బెడద ఉన్నది. మంచి కాంక్రీటులో ఉండే క్షారగుణం కడ్డీకి తుప్పు పట్టకుండా కాపలా కాస్తుంది. ఉప్పు లోపలికి దిగితే ఆ కాపలా పోతుంది. తుప్పు పట్టిన ఇనుము మొదటికన్న ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. అలా ఊడినచోట కడ్డీకీ కాంక్రీటుకూ పట్టు పోయినట్టే. జిగురు వదిలిన నోటుబుక్కు గుర్తున్నది గదా! సముద్రపు ఇసక ఇంటికి వాడవద్దనేది అందుకే. ఖర్చు తగ్గుతుందని తెచ్చిన బండెడు ఇసక ఇంటి కప్పును లోపలినుంచి తింటుంది.

రావులపాలెం దగ్గర మళ్ళీ గౌతమి దాటి, అరటితోటలూ కడియం పూలతోటలూ పక్కన పెట్టి, రాజమండ్రి రేవుకు వద్దాం. సాయంత్రం ఎండ నీళ్ళమీద పడుతుంటే వంతెనలు బాగా కనపడతాయి. ఇనప గర్డర్ల పాత వంతెన హేవలాక్ వంతెన. 1900లో రైళ్ళకు తెరిచారు, 1997లో దానిమీద రైళ్ళు ఆపేశారు. దానికి ఖానాలు 56. దాని పొరుగునే విల్లులు వరసగా నిలబెట్టినట్టు కనపడేది 1997లో పూర్తయిన కాంక్రీటు వంతెన. ఖానాలు 28. ఒక్కొక్క ఖానా సుమారు 97 మీటర్లు. రోడ్డూ రైలూ రెండూ నడిచే 1974 నాటి వంతెన ఇంకా ఎగువన ఉన్నది.

ద్రాక్షారామంలో నాలుగు అంగలకొక స్తంభం చూసి వచ్చాం. ఇక్కడ అదే రాతి గుణం ఉన్న కాంక్రీటు, రైలు బరువును మోస్తూ, 97 మీటర్లు ఎలా దాటుతున్నది?

విల్లు చూడండి. పైనున్న కమాను నిండా నొక్కుడే. కాంక్రీటుకు నొక్కుడంటే ఇష్టం, అక్కడ చిక్కు లేదు. కాని కమాను మీద బరువు పడితే దాని పాదాలు రెండూ చెరో పక్కకు జరగాలని చూస్తాయి. విల్లు కొసలను అల్లెతాడు పట్టి ఉంచినట్టు, ఈ పాదాలను కింది దూలం పట్టి ఉంచుతుంది. రైలు నడిచేది ఆ అల్లెతాడు మీదనే. అల్లెతాడులో ఉండేది లాగుడు. ఆ దూలం కూడా కాంక్రీటే! కడ్డీలు మాత్రమే పెడితే లాగుడుకు కాంక్రీటు సన్నగా బీటలు వారుతుంది, బీటల్లోనుంచి తేమ దిగుతుంది.

దీనికి చేసిన ఉపాయం అర్థం కావాలంటే ఎడ్లబండి చక్రం చూడాలి. కమ్మరి ఇనపపట్టాను ఎర్రగా కాల్చి కొయ్యచక్రానికి తొడిగి నీళ్ళు పోస్తాడు. పట్టా చల్లారి బిగుసుకుని, చక్రంలోని ముక్కలన్నిటినీ ఒకదానికొకటి అదిమిపెడుతుంది. బరువు రాకముందే అదిమిపెట్టటం, అదీ సంగతి. వంతెన దూలంలో గట్టి ఉక్కుతీగలను యంత్రాలతో బిగలాగి కొసల దగ్గర బంధించారు. ఆ తీగలు మళ్ళీ పొట్టివి కావాలని లాగుతూ కాంక్రీటును ఎప్పుడూ నొక్కిపెట్టి ఉంచుతాయి. రైలు వచ్చి లాగుడు తెచ్చినప్పుడు ఆ లాగుడు ముందు ఈ నొక్కుడును తీర్చుకోవాలి. అది తీరేలోపల రైలు దాటిపోతుంది. తీగలను దూలంలో ఏ చోట, ఎంత ఎత్తున నడిపించాలన్నదే ఇంజనీర్లు మొదట తేల్చుకునే లెక్క.

చీకటి పడింది, రైలు వేళ అయింది. రాజమండ్రిలో రైలెక్కి కొవ్వూరు వైపు వెళ్ళేవాళ్ళు కిటికీ పక్కన చోటు చూసుకోండి. మీ రైలు విల్లుల వంతెన ఎక్కితే, కమాను పైనుంచి కిందికి దిగిన నిలువు తీగలు ఒక్కొక్కటే కిటికీ ముందునుంచి పోతాయి. ఒక కమాను అయ్యాక ఇంకొకటి. లెక్క తప్పకుండా చూడండి, కొవ్వూరు గట్టు చేరేసరికి 28 రావాలి.